గుట్ట మీద ముగ్గు పోసిన ఫారిన్

ఫారిన్ వెళ్ళడమంటే ఇప్పుడు పక్కవీధికి కూరగాయలకు వెళ్ళినంత తేలికైపోయింది గానీ, ఆ రోజుల్లో మా సినిమావాళ్ళకు అదొక పదవి. నేను చెబుతున్నది తొంభైల మొదట్లో సంగతి. ఒక సినిమాకు రెండు పాటలు ఫారిన్‌లో తీస్తున్నారంటే చాలు, ఆ యూనిట్‌లో జనం రెండు జాతులుగా విడిపోయేవారు. వెళ్ళేవాళ్ళు, వెళ్ళనివాళ్ళు. వెళ్ళేవాళ్ళు నెలరోజుల ముందునుంచే మెడకు మఫ్లర్ చుట్టుకుని తిరిగేవారు. వెళ్ళనివాళ్ళు వాళ్ళకు టీలు అందిస్తూ, వచ్చేటప్పుడు సెంటు సీసా తెమ్మనీ, షేవింగ్ క్రీము తెమ్మనీ చీటీలు రాసిచ్చేవారు. నేను అప్పటికి రెండు సినిమాలకు చీటీలు రాసినవాణ్ణి. మూడో సినిమాకైనా ఆ జాతిలోకి మారకపోతే ఈ జన్మ వృథా అని తీర్మానించుకున్నాను.

అప్పట్లో నేను కృష్ణానగర్‌లో ముగ్గురు కలిసి ఉండే గదిలో నాలుగోవాణ్ణి. డైరెక్షన్ డిపార్టుమెంటులో రెండో అసిస్టెంటుని. (మొత్తం ఉన్నదే ఇద్దరం. కాబట్టి చివరివాణ్ణి అన్నా తప్పులేదు.) నన్ను పెంచి పెద్దచేసింది భీమవరంలో ఉండే మా అక్క. సినిమాలంటే ఆవిడకు పెద్ద నమ్మకం లేదు గానీ, తమ్ముడంటే ఉంది. ఈసారి ఫారిన్ షూటింగ్ ఉందని తెలియగానే నేను చేసిన మొదటి తెలివితక్కువ పని, వెళుతున్నానని ఆవిడకు ఉత్తరం రాసేయడం. రెండోది, వెళతానో లేదో తెలియదని మళ్ళీ రాయకపోవడం. వారం తిరక్కుండా అక్కనుంచి జవాబు వచ్చింది. వీధంతా చెప్పిందట. ఎదురింటి మాస్టారి భార్య కూడా నమ్మిందట.

ఇక వెళ్ళక తప్పదు. వెళ్ళేది మాత్రం ఒక్క అసిస్టెంటే అన్నారు. నా పైన సీనియర్ అన్న ఉన్నాడు. పదేళ్ళుగా ఫీల్డులో ఉండి, ఏ పనీ చేయకుండా అన్ని పనుల్లోనూ కనిపించే విద్య సాధించినవాడు. మామూలుగా అయితే అవకాశం ఆయనదే. కానీ మా డైరెక్టర్ గారికి ఒకరోజు ఉన్నట్టుండి ఒక ఆలోచన వచ్చింది. ఆయనకు ఆలోచనలు వచ్చినప్పుడల్లా నాకు జ్వరం వచ్చేది.

ఆలోచనకు మూలం అరచెయ్యంత పుస్తకం ఒకటి. యూరప్‌లో మేము పాటలు తీయబోయే ఆ పాత నగరాన్ని, గైడ్ అక్కర్లేకుండా ఎవరికి వారే కాలినడకన చూసుకోవడానికి రాసింది. (నగరం పేరు చెప్పను. మా యూనిట్‌లో ఒక్కొక్కరు ఒక్కో రకంగా పలికేవారు. ఏది సరైందో నాకిప్పటికీ తెలియదు.) నిర్మాతగారి బంధువు ఎవరో తెచ్చి ఇచ్చారు. గుర్రం మీద ఉన్న రాజు విగ్రహానికి వీపు పెట్టి నిలబడండి, ఎడమవైపు కమాను కిందుగా రెండు వందల అడుగులు వేయండి, ఇప్పుడు మీ ముందు గులాబీల తోట, అక్కడినుంచి కుడికి తిరిగితే ఫౌంటెన్, దాని వెనక రాణిగారి మేడమెట్లు... ఇలా సాగుతుంది. అక్కడ మాకు దొరికేది ఐదు రోజులు. దారులు వెతుక్కుంటూ కూర్చుంటే పుణ్యకాలం కాస్తా గడిచిపోతుందని డైరెక్టర్ గారి భయం. అందుకని ఆ నగరాన్ని ఫిల్మ్ నగర్ వెనక గుట్ట మీద ఖాళీ జాగాలో ఉన్నది ఉన్నట్టుగా ముగ్గుతో గీయాలి. ప్రతి షాటూ అక్కడ నడిచి చూసుకోవాలి.

"కళ్ళకు గంతలు కట్టినా ఈ ఊళ్ళో తిరగగలిగినవాణ్ణే తీసుకెళ్తాను" అన్నారాయన, మా ఇద్దరివైపూ చూస్తూ.

సీనియర్ అన్న నవ్వి టీ తాగడానికి వెళ్ళాడు. నేను సున్నం బస్తా ఎత్తుకున్నాను.

అది మే నెల. ఇప్పుడు అక్కడ మేడల మధ్య సందు లేదు గానీ అప్పట్లో ఆ గుట్ట మీద బండరాళ్ళు, రేగుతుప్పలు, నాలుగు సీతాఫలం చెట్లు తప్ప నీడన్నది లేదు. కింద ఎక్కడో ఇళ్ళకోసం రాళ్ళు పేల్చే చప్పుడు. ఆ రాళ్ళలో నేను రాజుగారి చౌకు గీశాను. గులాబీల తోట గీశాను. ఫౌంటెన్ గీయాల్సినచోట ఏనుగంత బండ ఉంటే, ఫౌంటెన్‌ను అటు పక్కకు జరిపాను. డైరెక్టర్ గారు ఒప్పుకోలేదు. నగరాన్ని మొత్తం జరపమన్నారు. జరిపాను. ఒక నగరాన్ని కట్టడానికి రాజులకు వందేళ్ళు పట్టి ఉండవచ్చు. జరపడానికి నాకు రెండు రోజులు పట్టింది.

తర్వాత నడక. రెండు వందల అడుగులన్నారు సరే, ఎవరి అడుగులు? మా హీరోగారు ఆరడుగుల మనిషి, నేను ఐదున్నర. ఆయన వంద నా నూట ఇరవై అని లెక్క తేల్చారు. ఇంతలో డాన్స్ మాస్టారు వచ్చి, అడుగులతో తనకు పనిలేదనీ, గుర్రం దగ్గరనుంచి ఫౌంటెన్‌కు ఎన్ని 'ఎయిట్'లు పడతాయో కావాలనీ అన్నారు. (ఎనిమిది లెక్కపెట్టేలోపు వేసే స్టెప్పుల వరస ఒక ఎయిట్.) కాబట్టి నేను ఒకసారి అడుగులు లెక్కపెడుతూ, ఒకసారి నడుము తిప్పి ఎయిట్‌లు లెక్కపెడుతూ అదే దారిలో తిరిగాను. అంతటితో ఆగితే బాగుండేది. మర్నాడు డైరెక్టర్ గారు కాస్ట్యూమ్స్‌లోంచి ఒక ఉన్ని ఓవర్‌కోటు తెప్పించారు. హీరోగారు అక్కడ ఓవర్‌కోటు వేసుకుంటారు కాబట్టి నడక కాస్త మందగిస్తుందనీ, ఎంత మందగిస్తుందో చూడాలనీ చెప్పారు. హైదరాబాదు మే నెలలో మిట్టమధ్యాహ్నం ఉన్ని ఓవర్‌కోటు తొడుక్కుని, లేని గులాబీలను వాసన చూస్తూ నడుము తిప్పిన మానవుణ్ణి బహుశా నేనొక్కణ్ణే. ఆయన గొడుగు కింద కుర్చీలో కూర్చుని, మంచు పడుతున్న ఫీలింగ్ రావడం లేదోయ్, మళ్ళీ నడువు అనేవారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఏడవాలో ఎవరినైనా కొట్టాలో తెలిసేది కాదు. అక్కను తలుచుకుని నడిచేవాణ్ణి.

ఇదంతా చాలనట్టు ఆ జాగాకు కాపలా ఉండే తాత ఊరినుంచి తిరిగొచ్చాడు. రహమత్ నగర్ మనిషి. తను లేని నాలుగు రోజుల్లో గుట్టంతా ముగ్గు పోసి ఉండటం చూసి కర్ర పట్టుకుని నా మీదికి వచ్చాడు. ఆయన తప్పేం లేదు. జూబ్లీహిల్స్ చుట్టుపక్కల ఆ రోజుల్లో నేల మీద ముగ్గు కనిపించిందంటే అర్థం ఒక్కటే, ఎవరో ప్లాట్లు చేస్తున్నారని.

"ఏంది సారూ ఇది? ఎవర్ని అడిగి ముగ్గు పోసిన్రు? మా సేట్‌కు ఎరుకేనా?"

"ప్లాట్లు కాదు తాతా, ఇది ఫారిన్" అన్నాను, కోటు లోపల చెమట తుడుచుకుంటూ.

"ఫారిన్ అయితే ఏంది? జాగ మా సేట్‌ది గదా."

మా నిర్మాతగారు, వాళ్ళ సేట్ స్నేహితులని నచ్చజెప్పేసరికి నా తల ప్రాణం తోకకు వచ్చింది. తర్వాత తాత మెత్తబడ్డాడు. కానీ వార్త అప్పటికే గుట్ట దిగి వెళ్ళిపోయింది. సాయంత్రం అయ్యేసరికి స్కూటర్ల మీద జంటలు రావడం మొదలుపెట్టారు. గోదావరి జిల్లాలనుంచి వచ్చి స్థిరపడ్డ ఒక పెద్దాయన, రాణిగారి మేడమెట్ల దగ్గర నిలబడి ఇది కార్నర్ బిట్టేనా అండీ, రోడ్డు ఎన్ని అడుగులు వదులుతున్నారు అని అడిగారు. ఇవి అమ్మేవి కావని నేనంటే, అన్నీ అయిపోయాయా అప్పుడే అని నొచ్చుకున్నారు. ఆ వారంలో కనీసం పాతికమందికి నేను గులాబీల తోట అమ్మలేదు. వాళ్ళలో సగంమంది నన్ను బ్రోకర్‌ననుకుని తిట్టి వెళ్ళారు.

ఈ చికాకులన్నిటి మధ్యా ఒకటి మాత్రం నిజం. ఆ నగరం నాకు వచ్చేసింది. కళ్ళు మూసుకున్నా కమాను ఎక్కడో, మెట్లు ఎన్నో తెలిసేవి. నిద్రలో కూడా కుడికి తిరిగేవాణ్ణి. గదిలో పక్కన పడుకునేవాడు అటుపక్కకు మారిపోయాడు. సీనియర్ అన్న ఒకసారి గుట్ట ఎక్కి వచ్చి, సీతాఫలం చెట్టుకింద కాసేపు నిలబడి చూసి, "తమ్ముడూ, మరీ అంత బాగా చెయ్యకు" అన్నాడు. పాపం, కుళ్ళుకుంటున్నాడనుకుని జాలిపడ్డాను.

చివరికి నిర్మాతగారు చూడ్డానికి వచ్చే రోజు వచ్చింది. కృష్ణా జిల్లా మనిషి, పెద్దాయన, నిదానస్తుడు. వాస్తు చూడకుండా కుర్చీలో కూడా కూర్చునేవారు కాదు. డైరెక్టర్ గారు నా భుజం తట్టి, ఆయనకు ఊరంతా చూపించు, నీ టికెట్ సంగతి ఇవాళే మాట్లాడేస్తాను అన్నారు. అంతే, నాకు పూనకం వచ్చింది. కోటు తొడుక్కున్నాను. పెద్దాయన్ను బండరాయికి వీపు పెట్టి నిలబెట్టి, మీ వెనక గుర్రం మీద రాజుగారు అన్నాను. కమాను దగ్గర తల కాస్త వంచమన్నాను. వంచారు. తోటలో అంచు వెంట గులాబీలు తొక్కకుండా నడిపించాను. ఫౌంటెన్ దగ్గర తుంపర మీద పడుతుంది జాగ్రత్త అంటే రెండడుగులు వెనక్కి వేశారు. రాణిగారి మెట్లు ఒక్కొక్కటీ ఎక్కించి, పైనుంచి సాయంకాలపు ఎండలో నగరమంతా చూపించాను. కింద ఉన్నది కృష్ణానగర్. అయినా ఆయన చాలాసేపు చూస్తూ నిలబడ్డారు. నా జీవితంలో నేను అంత బాగా ఏ సీనూ చెప్పలేదు, తర్వాత కూడా.

ఆయన చేయి అడ్డం పెట్టుకుని సూర్యుణ్ణి చూసి, దిక్కులు చూసుకుని, ఫౌంటెన్ ఈశాన్యంలో ఉందే అన్నారు. ఉందండీ అన్నాను గర్వంగా. ఈశాన్యంలో నీళ్ళు ఉండటం నా ప్రతిభే అన్నట్టు.

"అబ్బాయ్, నాకు అంతా కనపడిందోయ్" అన్నారాయన, నా చేయి పట్టుకుని. "ఇంత కనపడ్డాక ఇంక అక్కడిదాకా ఎందుకు?"

ఆయన నా చేయి వదిలి డైరెక్టర్ గారివైపు తిరిగారు. కొలతలు అన్నీ ఉన్నాయి, దిక్కులు కుదిరాయి, సేట్ మనవాడే, ఇక్కడే ప్లైవుడ్డుతో సెట్టు వేసేయండి అన్నారు. డైరెక్టర్ గారు నావైపు చూశారు. ఆయన భార్య అప్పటికే కొత్త సూట్‌కేసు కొనేసిందని నాకు తర్వాత తెలిసింది. మఫ్లర్లు చుట్టుకున్న జాతి అంతా మర్నాటినుంచి నాతో మాట్లాడటం మానేసింది. నా ఒక్కడి ప్రయాణంకోసం నేను పడ్డ కష్టం మొత్తం యూనిట్‌ను గుట్ట మీద కూలేసింది. సెట్టు వేశారు. అదే మే ఎండలో హీరోగారు అదే ఓవర్‌కోటు వేసుకుని, ప్రతి షాట్ అయ్యాక నన్ను వెతుక్కుంటూ చూసేవారు. నేను రాణిగారి మేడ వెనక దాక్కునేవాణ్ణి.

అక్కకు మాత్రం ఏమీ రాయలేదు. రేపు రాద్దాం, ఎల్లుండి రాద్దాం అంటూ సినిమా విడుదలైపోయింది. తర్వాత భీమవరం వెళితే, అక్క వీధి మొత్తాన్ని మ్యాట్నీకి తీసుకెళ్ళి చూపించిందని తెలిసింది. నేను వచ్చానని ఆ సాయంత్రం అందరూ మా వరండాలో చేరారు. ఎదురింటి మాస్టారి భార్య ముందు వరసలో కూర్చుంది. ఫారిన్ ఎలా ఉందో చెప్పరా అంది అక్క, చెంబుతో కాఫీ తెచ్చి పెడుతూ. ఆవిడ మొహంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు. నిజం చెప్పేద్దామని నోరు తెరిచాను. తెరిస్తే, గుర్రం మీద రాజుగారికి వీపు పెట్టి నిలబడితే అన్న మాట వచ్చింది. ఇక ఆగలేదు. ఎడమకు, కుడికి, తోట, ఫౌంటెన్, మెట్లు. అరగంట నడిపించాను. ఎవరూ కదల్లేదు. మాస్టారి భార్య కూడా ఒక్క ప్రశ్న వేయలేదు.

అందరూ వెళ్ళాక అక్క, అంత నడిచావు గదరా, కాళ్ళు నొప్పి పుట్టలేదూ అంది. చాలా పుట్టాయక్కా అన్నాను. ఆ సాయంత్రం నేను చెప్పిన మొదటి నిజం అదే. ఆవిడ ఆముదం తెచ్చి నా పాదం ఒళ్ళో పెట్టుకుని రాయడం మొదలుపెట్టింది. కాసేపటికి అరికాలి మధ్యలో ఆవిడ వేలు ఆగింది. అక్కడ ముల్లు విరిగి, చర్మం లోపల ఆనె కట్టి ఉంది. దీపం దగ్గరకు తెచ్చుకుని చూసింది. పల్లెలో పుట్టిన మనిషి, ముల్లు ఏదో తెలియకపోతుందా.

"ఫారిన్‌లో కూడా రేగుముళ్ళు ఉంటాయేంట్రా?"

నేను తల వంచుకున్నాను.

"ఉంటాయిలే" అంది అక్క. పిన్నీసు తెచ్చి, నొప్పి తెలియకుండా ఆ ముల్లు తీసి పారేసి, ఆముదం రాసింది. ఆ తర్వాత ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా నన్ను దాని గురించి అడగలేదు. కొత్తగా ఎవరైనా ఇంటికి వస్తే మాత్రం, మా వాడు ఫారిన్‌లో అడుగు అడుగూ నడిచి చూశాడండీ అని ఇప్పటికీ చెబుతుంది. పక్కనే కూర్చుని, ఈ వయసులో కూడా ఔనండీ అంటూ తల ఊపుతాను.