గురవమ్మ తిన్న వాలుగ చేపలు

మద్రాసు సర్కారు నాటి మాట. అర్ధవీడులో గొర్రెపిల్లల సంగతంటే గురవమ్మనే అడగాలి. పొద్దుగూకి మంద ఇల్లు చేరగానే ఏ పిల్ల ఏ తల్లిదో చూసి పాలకు వదలడం ఆమె పని. మొగుడు పోయిన పదహారేళ్లుగా ఆ దొడ్డే ఆమె లోకం.

అలాంటి మనిషికి రేచీకటి వచ్చింది! దీపాల వేళ అయితే చాలు, కళ్ళ ముందు అంతా మసి. చెవులు తడిమి, అరుపులు విని రెండు నెలలు ఎలాగో నెట్టుకొచ్చింది. ఒకనాటి సాయంత్రం దొరికిపోయింది. మంద ఆసామి మాలకొండయ్య గొంగడి కప్పుకుని గొర్రెల మధ్య కూర్చుని ఉంటే, ఆ గొంగడి పట్టుకుని, "నిలువే తల్లీ, బిడ్డ పాలు తాగాల" అంటూ ఒక పిల్లను ఆయన ఒళ్ళోకి తోసింది.

ఆయన నవ్వలేదు. "అమాస దాకా చూస్తా గురవమ్మా. అప్పటికీ కండ్లు కానరాకుంటే దొడ్డి ఇంకొకరికి అప్పజెప్తా" అన్నాడు. అమావాస్యకు ఇంకా పన్నెండు రోజులే.

కంభం చెరువు చేపలు తెచ్చి అమ్మే కోటమ్మతో గురవమ్మ చెప్పుకుని ఏడ్చింది.

"ఏంది వదినా, ఇంతదానికే ఏడుస్తావు? మా పేటలో ఇద్దరికి ఇట్లనే వచ్చినాది. కొవ్వు పట్టిన వాలుగ చేప తినమని, కార్జం పారేయొద్దని మిషన్ దవాఖానా నర్సమ్మ చెప్పినాది. తిన్నారు, చూపొచ్చినాది!" అంది కోటమ్మ.

నీచు వాసన సోకితేనే గురవమ్మ ఆమడ దూరం పారిపోయేది. అయినా ముక్కు మూసుకుని, పైన నూనె తేలే ఆ పులుసు రోజూ మింగింది. జనం పిల్లులకు విసిరేసే ఆ కార్జాలన్నీ, అంటే చేపల కాలేయాలన్నీ, కోటమ్మ ఈమెకే తెచ్చేది. దాంతో ఊళ్ళో పిల్లులన్నీ పగబట్టి ఆమె గడప ముందే కాపురం పెట్టాయి.

తొమ్మిదో నాటి మునిమాపు వేళ ఆ పిల్లుల్లో ఒకదాని మీసాలు కనిపించాయి! ఒక్కో మీసం విడివిడిగా! ఆనందం పట్టలేక గురవమ్మ ఆ పిల్లినే ఎత్తి ముద్దు పెట్టుకుంది. ఎవరికీ చెప్పలేదు.

అమావాస్య నాడు మసక చీకట్లో మంద వచ్చింది. దొడ్డంతా దుమ్ము, గోల. మాలకొండయ్య కావాలనే గొంగడి కప్పుకుని, మళ్ళీ గొర్రెల మధ్యే కూర్చున్నాడు. గురవమ్మ దేన్నీ తడమలేదు. చకచకా ఒక్కో పిల్లను తల్లి దగ్గర వదులుతూ వచ్చి, సరిగ్గా ఆయన ముందు ఆగింది.

"లెయ్ మామా, మచ్చచెవుల గొర్రెకు అడ్డం కూసున్నావు. నీకాడ పాలు లేవని పోయినసారే తెలిసినాదిలే."