నేను కుళాయి మంత్రినైన రోజు

నా చిన్నప్పుడు రాయపూర్ రైల్వే కాలనీలో మా కుళాయి దగ్గర బిందెల వరుస స్టేషన్ దాకా సాగేదని మా మనవళ్ళకి చెబుతుంటాను. అంత లేదు. వీధి మలుపు తిరిగేది, అంతే. ఎండాకాలంలో అదీ తక్కువేం కాదు. తెల్లారకముందే బిందె పెట్టి వెళ్ళిపోతే, ఆ బిందే మనిషి కింద లెక్క. మా ఆంధ్రావాళ్ళ ఇత్తడి బిందెలూ, చుట్టుపక్కల ఛత్తీస్‌గఢీ వాళ్ళ మట్టికుండలూ ఒకే వరుసలో కూర్చుని మాకన్నా మర్యాదగా ఉండేవి.

ఆ వరుస చూసే పని మా తాతయ్యది. రైలు గార్డుగా రిటైరైన మనిషి, ఆయన చెయ్యి ఊపితే ఆడవాళ్ళ గొడవలు కూడా ఆగేవి. ఒకరోజు మోకాలు నొప్పని గట్టు మీద కూర్చుని, "ఈ పూట నువ్వు చూడరా" అన్నాడు. నొప్పి నిజమో, నా సంగతి చూద్దామనుకున్నాడో ఇప్పటికీ తెలీదు. ఎదురింటి కాకా "వాహ్, ఛోటే మంత్రీజీ!" అని సలాం కొట్టాడు. ఇక నా కాళ్ళు నేల మీద లేవు.

ఒకావిడ నా చేతిలో జంతిక పెట్టి, "మా బిందె కాస్త ముందుకి జరపవా నాయనా" అంది. జరిపాను. ఇంకొకావిడ బెల్లం ముక్క ఇచ్చింది. కాకా భార్య శనగపిండితో చేసిన ఠేఠరీలు తెచ్చింది. అడిగినవాళ్ళందరికీ మొదటి నంబరే ఇచ్చాను. నాదేం పోయింది? మా ఇంటి బిందెలు రెండూ అందరికన్నా ముందే నింపించి లోపలికి పంపేశాను, మంత్రిగారి ఇల్లు కదా! ముందుకొచ్చే బిందెలు నాకు కనిపించాయి గానీ, వాటి వల్ల వెనక్కి పోయేది కనిపించలేదు.

అది పక్కింటి పిన్నిది. వాళ్ళ అమ్మాయి, మేమంతా అక్కా అని పిలిచే పిల్ల, పురిటికి వచ్చి ఉంది. ఆ రోజే తల్లికీ బిడ్డకీ పురిటి స్నానం. పిన్ని చీకటితోనే బిందె ముందువరసలో పెట్టి, నన్ను నమ్మి ఇంటికెళ్ళింది. తిరిగొచ్చేసరికి బిందె చివర్న ఉంది. కుళాయి రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. ఆవిడ పోట్లాడలేదు. "పొయ్యి వెలిగించి వచ్చాన్రా బాబూ" అంది. అంతే.

తాతయ్య మోకాలి నొప్పి మర్చిపోయి లేచాడు.

"మంత్రిగారూ, ఆవిడ నీళ్ళేవి?"

"అయిపోయాయి తాతయ్యా."

"అయిపోలేదు. మీరు పంచిపెట్టేశారు. ఆవిడవి పంచారు కాబట్టి, ఇప్పుడు మీవి ఇవ్వండి."

అందరి ముందూ ఆయన నన్ను 'మీరు' అంటుంటే దెబ్బలే నయమనిపించింది. మా నీళ్ళు పక్కింటికి మోశాను. నిండు బిందె ఒక్కణ్ణే ఎత్తానని చెబుతుంటాను గానీ, తాతయ్య ఒక చెయ్యి వేశాడు, నేను పావు వంతు ఒలకబోశాను. మా నాయనమ్మ గుమ్మంలో నిలబడి "తాతా మనవళ్ళ మంత్రివర్గం మండిపోనూ!" అని దీవించింది. ఆ పూట మా ఇంట్లో వంట లేదు. అటుకులూ బెల్లం నములుతుంటే పక్కింటి నుంచి సాంబ్రాణి పొగ వచ్చింది. స్నానమైన బిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది. తాతయ్య నా వైపు చూసి నవ్వాడు.

అప్పటికి మా ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమే పుట్టలేదు. ఇప్పుడు రాష్ట్రం ఉంది, కొత్త రాజధానీ ఉంది. మా అబ్బాయి నయా రాయపూర్‌లో కారులో తిప్పితే హాయిగానే ఉంటుంది. ఆ రోడ్ల మీద మనుషులే ఉండరని నా స్నేహితులతో అంటాను. ఉంటారు లెండి, దీపస్తంభాలు ఎక్కువ, అంతే. ఎన్నికలొస్తే ఏ పార్టీ మైకైనా అందరికీ అన్నీ ఇస్తామనే అంటుంది. లేనివాడికి ఇవ్వొద్దని నేననను. మా కాలనీ కుళాయి కూడా సర్కారుదే. కానీ ఇచ్చేవాడు తన ఇంట్లోంచి తెచ్చినట్టు ఫొటో వేయించుకుంటే ఒళ్ళు మండుతుంది. వెనక్కి జరిగిన బిందె ఎవరిదో ఏ మైకూ చెప్పదు. మా ఊరి టాటీబంధ్‌లో పన్నులు కట్టుకుంటూ చిన్న వర్క్‌షాపు నడుపుకునేవాడిది కావచ్చు. ఈ పంపకాల అప్పు రేపు మోయాల్సిన, ఇంకా ఓటైనా రాని పసివాడిది కావచ్చు.

కిందటి వేసవిలో, ఇప్పుడు మేముంటున్న శంకర్ నగర్‌లో మా గేటు ముందు చలివేంద్రం పెట్టాను. ఒక నాయకుడి మనిషి వచ్చి, "కుండలు మేమిస్తాం అంకుల్, మా నేతాజీ బ్యానర్ కట్టుకోండి" అన్నాడు. తరిమికొట్టానని వీధంతా చెప్పుకున్నాను. నిజానికి టీ ఇచ్చి పంపాను. నా సొంత నీళ్ళు, నా సొంత కుండలు అని గొప్పలు పోతుంటే మా కోడలు లోపల్నుంచి, "పేరు మీది మావయ్యా, నింపేది నేను!" అంది.

మళ్ళీ ఎవరిదో పంచుతూ దొరికిపోయాను. మర్నాటి నుంచి నేనే నింపుతున్నాను. చేతులు వణికి కొంత కింద పోతుంది. పోతే పోనీ, ఆ ఒలికేదైనా నాదే.