మా అత్త గదిలో భూకంపలేఖిని

మా అత్త పోయిన కబురు నాకు బడిలో తెలిసింది. ఎనిమిదో తరగతికి కాంతి పాఠం చెబుతున్నాను. బడి వేళలో ఎప్పుడూ ఫోను చెయ్యని పక్కింటి పిన్ని చేసింది. "అన్నం పెడదామని వచ్చినానమ్మా. పడుకున్నట్టే ఉన్నాది. పిలిస్తే పలకనేదు" అంది. బోర్డు మీద సగం గీసిన కిరణాన్ని చివరిదాకా గీసి, సుద్దముక్క బల్ల మీద పెట్టి, అప్పుడు బయటికి వచ్చాను. ఎందుకలా చేశానో ఇప్పటికీ తెలియదు. గజపతినగరం వచ్చే ఆటోలో పక్కన కూర్చున్న ఆవిడ "ఎక్కడికమ్మా?" అని అడిగితే "మా అత్త దగ్గరికి" అన్నాను. అన్నాక ఏడుపొచ్చింది.

పరామర్శకు వచ్చినవాళ్ళు చాలామంది ఒకే మాట అన్నారు. మంచం పట్టకుండా పోయింది, అదృష్టవంతురాలు అని. ఆవిడ బతుకు ఆ ఒక్క మాటతో ముగిసిపోవడం నాకు నచ్చలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మా అత్తవారిది శ్రీముఖలింగం దగ్గర వంశధార పక్కన పల్లె. పొలం, గేదెలు, కళ్ళం. జీవితమంతా ఆవిడ ఇంట్లో కన్నా బయటే ఎక్కువ గడిపింది. మా మావ పోయాక మా దగ్గరికి వచ్చింది. గజపతినగరంలో రెండు గదుల అద్దె ఇల్లు మాది. మా ఆయనకి రాయగడలో ఉద్యోగం, శనివారం సాయంత్రం బండికి వచ్చి సోమవారం తెల్లారి వెళ్ళిపోతాడు. నాకు సైన్సు టీచరు ఉద్యోగం. ఊళ్ళోకి కొత్తగా వచ్చిన ఆ మనిషి నెల తిరక్కుండానే వీధి వీధంతా పరిచయం చేసుకుంది. చేపలావిడ మా గుమ్మం ముందు గంప దించితే పక్క వీధివాళ్ళు కూడా అక్కడికే వచ్చేవారు. బేరం మా అత్త ఆడేది. చేపలు వాళ్ళు పట్టుకెళ్ళేవారు.

ఒక వానాకాలం మురుగుకాలవ పలక మీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. విజయనగరంలో ఆపరేషను చేసి ప్లేటు వేశారు. కర్ర చేతికొచ్చింది. కర్రతో నడవడం ఇంట్లో సరే, రోడ్డు మీద కాదు అని డాక్టరు చెప్పాడు. ఆవిడ విన్లేదు. నేను బడికి వెళ్ళిన ఒక రోజు మెయిన్ రోడ్డు దాకా వెళ్ళి, లారీ పక్కనే పడిపోయింది. ఎవరో ముక్కూ ముఖం తెలియని మనిషి లేవదీసి ఇంటికి తెచ్చాడు. ఆ శనివారం మా ఆయన, నేను, ఆవిడ ముగ్గురం కూర్చుని మాట్లాడుకున్నాం. పగటిపూట తోడుండే మనిషి దొరకలేదు. బయట తాళం వేసి వెళ్ళడం తప్ప మాకు మరో దారి కనిపించలేదు. రెండో తాళంచెవి పక్కింటి పిన్ని దగ్గర పెట్టాం, మధ్యాహ్నం వచ్చి అన్నం పెట్టడానికి. ఆవిడ కూడా సరే అంది. కానీ సోమవారం నేను తలుపు దగ్గరగా వేస్తుంటే లోపల్నుంచి, "మా ఊర్లో గేదిని కూడా ఇంత కురస తాడుతో కట్టనేదమ్మీ నేను" అంది. కోపంగా కాదు. ఉన్నమాట చెప్పినట్టు.

ఆవిడ గది వెనక వైపు. కిటికీ తీస్తే చెయ్యి చాచినంత దూరంలో పక్కింటి గోడ. సున్నం రాలిన గోడ తప్ప ఆ కిటికీలోంచి ఏమీ కనపడదు. టీవీ పెట్టుకోమంటే, అందులో వాళ్ళు మనం చెప్పేది వినరు కదా అనేది. సాయంత్రం నేను తాళం తీసేసరికి మంచం మీద గోడకేసి చూస్తూ ఉండేది. ఈవేళ ఏం చేశావత్తా అంటే "ఏటి సేస్తాను" అనేది. అక్కడితో మా మాటలు అయిపోయేవి. నాకూ బడిలో మనసు నిలిచేది కాదు. చివరి పీరియడ్లో చేతిసంచిలో తాళంచెవి ఉందో లేదో తడుముకునేదాన్ని. ఉద్యోగం మానెయ్యాలా అన్న ఆలోచన అప్పుడే మొదలైంది. మా ఆయన మనసులోనూ అదే ఉందని నాకు తెలుస్తూనే ఉంది.

ఆ రోజుల్లోనే ఎనిమిదో తరగతికి భూకంపాల పాఠం వచ్చింది. పుస్తకంలో భూకంపలేఖిని బొమ్మ ఉంది. వెనక బెంచీ పిల్ల ఒకతి లేచి, మన కింద నేల కూడా కదులుతాదా టీచర్ అని అడిగింది. కదులుతుంది, మనకు తెలియదు అన్నాను. తెలియనప్పుడు కదిలినట్టు ఎలా తెలుస్తాదంది. ఆ పిల్ల అడిగింది న్యాయమే. ఒకటి చేసి తరగతిలో పెడదామనుకున్నాను. బడిలో సైన్సు గది మరమ్మతులో ఉంది. ఇంట్లో ముందుగది వీధి మీదికి, స్కూటర్ల అదురు ఎక్కువ. కదలికలు తక్కువగా ఉండే చోటు మా అత్త గదే.

వంటగట్టుకి వేయగా మిగిలిన గ్రానైట్ ముక్క అడుగున పెట్టాను. దాని మీద నిలువుగా చెక్క స్తంభం. స్తంభానికి గేటు తలుపులా అటూఇటూ తిరిగే ఇనుప చువ్వ, దాని కొసన బరువు. ఎలక్ట్రానిక్ కాటా వచ్చాక కిరాణా కొట్టాయన మూలన పడేసిన తూనిక రాళ్ళు ఆ బరువుకి పనికొచ్చాయి. చువ్వ చివర స్కెచ్ పెన్ను ములుకు. అది తాకేటట్టు కాగితం చుట్టిన థర్మోకోల్ డబ్బా. ఆ డబ్బాని తిప్పడానికి మాత్రం గడియారం కావాలి. మా మావ పొలం నీళ్ళ వంతుకి లేవడానికి కొన్న కీ ఇచ్చే అలారం గడియారం ఆవిడ పెట్టెలో ఉందని నాకు తెలుసు. అడగడానికి మొహమాటపడ్డాను. ఆవిడే తీసి ఇచ్చింది, పాడుసెయ్యకు అని ఒకటికి నాలుగుసార్లు చెప్పి. గంటల ముల్లు ఇరుసుకి డబ్బాని తగిలిస్తే పన్నెండు గంటలకు ఒక చుట్టు తిరిగేది. చువ్వ ఒకసారి ఊగితే ఆగడం లేదని, దాని కింద ఒక రేకు కట్టి ఆముదం గిన్నెలో ముంచాను. ఆముదం ఆవిడ మోకాలికి రాసుకునేది. "నా కాలికి నేదు గానీ దానికి గిన్నెడు" అని సణిగింది.

అది ఎలా పనిచేస్తుందో చెప్పాను. నేల కదిలితే స్తంభం, డబ్బా, ఇల్లు అన్నీ కదులుతాయి, బరువుగా ఉన్న రాళ్ళు మాత్రం ఉన్నచోటే ఉండాలని చూస్తాయి, ఆ తేడాయే గీతగా పడుతుంది అని. ఆవిడ, "అయితే రాయి కాదు, ఇల్లే కదుల్తాదన్నమాట" అంది. నా తరగతి పిల్లల్లో సగం మందికి ఆ ముక్క అప్పటికింకా అందలేదు.

మొదటి రోజు సాయంత్రం కాగితం విప్పితే సన్నటి గీత, అక్కడక్కడా చిన్న చిన్న వంకరలు. పనికిరాదేమో అనుకున్నాను. మా అత్త మంచం మీంచి వేలు చాపి చెప్పడం మొదలుపెట్టింది. ఇది గూడ్సు బండి. ఇది పిన్ని వచ్చి అన్నం పెట్టినప్పుడు. ఇది నేను మంచం దిగినప్పుడు. ఇదేటో తెలీదు, నేను నిద్రపోయినాను. రోజంతా ఆ పెన్నునే చూస్తూ కూర్చుందని నాకప్పుడు అర్థమైంది. "ఏటి సేస్తాను" అన్న మాట మళ్ళీ వినలేదు. రోజూ నేను రాగానే కాగితం విప్పడం, ఆవిడ చెప్పడం, నేను పెన్సిలుతో పక్కన రాయడం. బండి చప్పుడు చెవికి అందకముందే పెన్ను వణుకుతుందని ఆవిడే గమనించి చెప్పింది. ఒకటి ఒప్పుకోవాలి, ఆవిడకి ఆ గది అంటే ఇష్టం మాత్రం కలగలేదు. చూడ్డానికి గోడ కాక ఇంకోటి దొరికింది, అంతే.

సెప్టెంబరు ఉక్క రోజుల్లో ఒకనాడు ఇంటికొచ్చేసరికి ఆవిడ తల దువ్వుకుని నిమ్మళంగా కూర్చుని ఉంది. కాగితం విప్పాను. మధ్యాహ్నం దగ్గర, బొటనవేలంత మేర గీత గీతలా లేదు. నల్లగా అలుక్కుపోయి ఉంది. ఇది ఏ బండి అత్తా అన్నాను.

"బండి కాదమ్మీ. నేనే" అంది.

పిన్ని ఆ రోజు నెల్లిమర్లలో పెళ్ళికి వెళ్ళింది. అన్నం నేనే మూత పెట్టి వెళ్ళాను. మధ్యాహ్నం కరెంటు పోయింది. ఫ్యాను ఆగాక గాలి ఆడలేదు. గుండె మీద ఎవరో కూర్చున్నట్టు అయిందట. వెళ్ళి వీధి తలుపు కొట్టింది. ఎవరూ రాకపోతే తన గదిలోకి వచ్చి కిటికీ పక్క గోడని కర్రతో కొట్టింది. ఇవన్నీ ఆవిడ మెల్లగా చెప్పి, ఆ నల్లటి చోట వేలు పెట్టింది.

"ఇంతసేపు కొట్టినాను. ఎవులూ రానేదు. నీ మిషినొక్కటే ఇన్నాది."

ఉద్యోగం మానేస్తానన్నాను. రేపే హెడ్మాస్టరుగారితో చెబుతానన్నాను. అది విని ఆవిడకి కోపం వచ్చింది. ఆవిడ నా మీద నిజంగా కోప్పడటం అదే మొదలు, అదే చివర.

"ఉజ్జోగం మానీసి నువ్వూ ఈ గోడకేసి సూస్తూ కూకుంటే నాకేటొస్తాది? ఇద్దరం ఇరుక్కుపోతాం. నువ్వెల్లు. తాళం ఇటేపు ఎయ్యి, సెవి నాకియ్యి."

శనివారం మా ఆయన వచ్చాక గట్టి వాదనే జరిగింది. మళ్ళీ రోడ్డు మీద పడితే ఎవరిది పూచీ అన్నాడు. ఆవిడ, "పడితే నేనే పడతానురా. నువ్వు పడవు కదా" అంది. నా భయం పోలేదు. అయినా సోమవారం తాళంచెవి ఆవిడ చేతిలో పెట్టి వెళ్ళాను. ఇంటర్వెల్లో పిన్నికి ఫోను చేస్తే, గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంది, చిక్కుడుకాయలు ఒలుస్తన్నాది అని చెప్పింది. ఆ పూట నేను పాఠం బాగా చెప్పానని గుర్తు.

తలుపు తెరుచుకుందని ఆవిడకి ఊరంతా దొరికిందని కాదు. కాలు రాను రాను బిగుసుకుపోయింది. మెయిన్ రోడ్డు మళ్ళీ చూడలేదు. గుమ్మం ముందు వీధిలో కంటికి ఆనినంతే ఆవిడకి మిగిలింది. అంత చిన్న చోటు కూడా తను అడిగి తీసుకుంది, నా ఉద్యోగం నాకు అడక్కుండానే ఇచ్చింది. ఈ రోజు నేను బడిలో ఉన్నానంటే అందుకే.

వానలు తగ్గాక మిషనును బడికి చేర్చాం. వారం తర్వాత, దాన్నెక్కడ పెట్టినావో సూడాల అంది. ఒక శనివారం ఆటో మాట్లాడి తీసుకెళ్ళాను. పిల్లలు కుర్చీ తెచ్చి వేశారు. భూకంపం చూశావా మామ్మా అని అడిగారు. చిన్నప్పుడొకసారి ఉట్టి మీద కుండలు కొట్టుకున్నాయని, గేదెలన్నీ ఒక్కసారి లేచి నిలబడ్డాయని చెప్పింది. తర్వాత పిల్లలు పెన్ను ఎంత కదులుతుందో చూపించడానికి అందరూ కలిసి గెంతారు. కాగితం నల్లబడింది. ఆవిడ నవ్వి, ఇంక ఎవరూ కదలొద్దంది. కూర్చున్నవాళ్ళని కూర్చున్నట్టే, నిల్చున్నవాళ్ళని నిల్చున్నట్టే ఉండమంది.

అంత గోల చేసే తరగతి చడీచప్పుడు లేకుండా ఆగిపోయింది. పెన్ను మెల్లగా నిలకడకి వచ్చి తిన్నగా గీయడం మొదలుపెట్టింది. మా అత్త కర్ర నా చేతికిచ్చి లేచింది. బల్ల అంచు పట్టుకుని, ఆపరేషనైన కాలు ముందుకేసి నేల మీద ఆనించింది. పెన్ను కొంచెం పక్కకి జరిగి మళ్ళీ వెనక్కి వచ్చింది. "కదిలింది మామ్మా" అంది ముందు బెంచీ పిల్ల, గుసగుసగా. మా అత్త వంగి ఆ వంకరనే చూస్తూ నిలబడింది. ఆవిడ చాలాసేపు కర్ర అడగలేదు.