పిన్నీసు పిన్ని

చుట్టాలింటికి వెళ్తే పిన్ని కూర్చోకముందే కుళాయిల మూతులు చూస్తుంది. చుట్టాలుండే ఊరివి ఉప్పునీళ్లు; గార కట్టి ధార సన్నబడితే ఆవిడ ప్రాణం ఒప్పదు. గాజుకు తగిలించుకున్న పిన్నీసుతో దాన్ని పొడిచి వదిలించందే కాఫీ ముట్టదు. అందుకే అందరికీ ఆవిడ పిన్నీసు పిన్ని.

మొన్న తన అక్క కూతురింట్లో వంటింటి కుళాయి చుక్క రాల్చలేదు. గోడలో పైపు పూడిపోయిందని తేల్చేసి ప్లంబరు సుత్తి ఎత్తాడు. "ఆగు నాయనా," అంటూ పిన్ని కుళాయి మూతికున్న జల్లెడ విప్పి, పిన్నీసుతో పొడిచింది. గార పెచ్చులు పెచ్చులుగా రాలింది. జల్లెడ బిగించి తిప్పగానే నీళ్లు బుస్సున దూకి ప్లంబరు చొక్కా తడిపేశాయి.

"ఇప్పుడు కొట్టు, చూద్దాం!" అంది పిన్ని నడుం మీద చెయ్యేసుకుని.

"ఆ పిన్నీసు ఓసారి ఇవ్వండి పిన్నిగారూ," అన్నాడతను కంగారుగా. "పక్కింటి గోడ మా తమ్ముడు కొట్టేస్తున్నాడు!"