అప్పగించని పాట

మా పక్క ఫ్లాట్ మాస్టారు పోయారు. ఇక్కడ గల్ఫ్‌లో, అల్ కుసైస్‌లోని మా బిల్డింగ్ కాపలా చూసే నాతూర్, జగిత్యాల వైపు ఆయన, పొద్దున్నే తలుపు కొట్టి చెప్పాడు. "అన్నా, బాజా సారు లేస్తలేడు. అంబులెన్సోళ్లు వచ్చి చూసిన్రు. ఖలాస్ అన్నరు." ఆఫీసు చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్న నేను ఇస్త్రీపెట్టె చేత్తో పట్టుకునే అలా నిలబడిపోయాను.

మాస్టారిది పోలండ్. శాక్సోఫోన్ వాయించేవారు. జాజ్‌లో ఊరూరి సంగీతాన్నీ కలిపే ఫ్యూజన్ అంటే పిచ్చి. ఒకరోజు నేను మృదంగం సాధన చేస్తుంటే తలుపు తట్టారు. గోల చేస్తున్నానని తిట్టడానికి వచ్చారనుకుని ముందే సారీ చెప్పేశాను. ఆయన చెప్పులు బయట విడిచి, లోపలికి వచ్చి నేలమీద కూర్చుని, "ఆపావేం?" అన్నారు. అలా నా కాకినాడ మృదంగం ఆయన బ్యాండులో చేరింది. లెక్కలు చూసి, అన్నం తిని, పడుకునే నా బతుకులో మొదటిసారి సెలవు రోజు కోసం ఎదురుచూడటం మొదలైంది. ఆ రుణం తీరేది కాదు.

బ్యాండంటే పెద్దగా ఊహించుకోకండి. మిగతావాళ్లు హోటళ్లలో అతిథులు అడిగిన పాటలు వాయించి పొట్టపోసుకునేవారు. సెలవు రోజున అందరం ఆయన ఫ్లాట్‌లో చేరి, ఏడక్షరాల నడక మీద ఆయన సొంత పాట ఒకటి కట్టుకునేవాళ్లం. ఏళ్ల తరబడి కడుతూనే ఉన్నాం, ఎందుకంటే మనుషులు నిలవరు. ఒకరికి వీసా అయిపోతుంది, ఇంకొకరికి ఉద్యోగం పోతుంది. అందుకే ఆయనది ఒకటే నియమం. వెళ్లేవాడు తన భాగాన్ని వచ్చేవాడికి నోటితో పాడి నేర్పి మరీ విమానం ఎక్కాలి. కాగితం లేదు, రికార్డింగ్ లేదు. ఫోన్లు చెప్పులతో పాటు గుమ్మం బయటే. "యంత్రానికి అప్పగిస్తే మనిషి మర్చిపోతాడు" అనేవారు. అప్పట్లో అది గొప్ప మాటలా వినిపించింది. ఇప్పుడు తలచుకుంటే ఒళ్లు మండుతుంది.

కరోనా వచ్చి హోటళ్లు మూతపడ్డప్పుడు బేస్ గిటార్ వాయించే ఫిలిప్పీన్స్ అతను ఎవరికీ నేర్పకుండానే వెళ్లిపోవాల్సి వచ్చింది. మాస్టారు నియమం పక్కనపెట్టి ఫోన్ లోపలికి తెచ్చి, మనీలా నుంచి అతను పాడుతుంటే చెవికి అదిమిపెట్టుకుని నేర్చుకున్నారు. మధ్యలో నెట్‌వర్క్ కాస్త తడబడింది. ఆ తడబాటును కూడా పాటలో భాగమనుకుని కొత్తగా వచ్చిన లెబనాన్ అతనికి అలాగే నేర్పేశారు. తర్వాత ఫోన్లో విని మనీలా అతను లబోదిబోమన్నాడు. "నేనలా వాయించలేదు మాస్టారూ!" ఈయన పడీపడీ నవ్వి, "ఇప్పుడిక అంతే. ఇదీ బాగుంది" అన్నారు. ఆ లెబనాన్ అతనూ ఎక్కువకాలం ఉండలేదు. చివరికి మిగిలింది మేమిద్దరమే.

ఒకసారి చాయ్ తాగుతూ అడిగాను. "మీ భాగం ఎవరికి నేర్పుతారు?"

"నేనెక్కడికి వెళ్తాను? యల్లా, మొదలుపెట్టు" అన్నారు.

ఆయన పోయాక పాతవాళ్లందరికీ ఫోన్ చేశాను. ఏడుస్తూనే ఎవరి భాగం వాళ్లు పాడి వినిపించారు. మాస్టారి భాగం మాత్రం ఎవరికీ రాదు. అది వినడానికే తప్ప నేర్చుకోవడానికి కాదని అందరం అనుకున్నాం. నేను కళ్లు మూసుకుని పాడబోతే మొదటి రెండు ముక్కలు వస్తాయి, ఆ తర్వాత నా చేతి దెబ్బలే వినబడతాయి. అన్నేళ్లు పక్కనే కూర్చున్నాను. ఏం విన్నానో తెలియదు. ఆ పాట పోయింది, ఇక దొరకదు.

ఆయన చెల్లెలు పోలండ్ నుంచి వచ్చారు. నాతూర్ ఫ్లాట్ తాళం తీశాడు. సామానంతా సర్దాక ఆవిడ వచ్చీరాని ఇంగ్లీషులో అడిగారు, అన్న ఇన్నేళ్లూ ఇక్కడ కట్టిన పాటను ఒక్కసారి వినిపించమని. కుదరదని చెప్పడానికి నోరు రాలేదు. మృదంగం తెచ్చుకుని నా భాగం మొదటి నుంచి చివరి వరకు వాయించాను. ఆవిడ శాక్సోఫోన్ పెట్టెను ఒళ్లో పెట్టుకుని, కదలకుండా విన్నారు. చేతులు ఆపి తలెత్తాను.

"చాలా బాగుంది" అన్నారావిడ, కుర్చీ కాస్త దగ్గరకు జరుపుకుంటూ. "ఇక మా అన్న పాట మొదలుపెట్టండి."