క్యాంటాంకరస్ లీడర్ ఫ్లెక్సీ

నా ఇజ్జత్ నేనే ఫ్లెక్సీ కొట్టిచ్చి రోడ్డు మీద కట్టుకున్న, ఇనుండ్రి!

మా ఎడపల్లిల మహిళా సంఘం అధ్యక్షురాలి ఎన్నికలొచ్చినయ్. నాకు పోటీ సీతమ్మ. కోస్తా నుంచొచ్చి కాలువ కింద చెరుకేసుకున్నోళ్ల కోడలు. తన బిడ్డ పెండ్లిల నన్ను, గింత పెద్దమనిషిని, రెండో బంతిల కూసోబెట్టింది. గది నేను మరుస్తనా? ఆమె ఫ్లెక్సీ మీద ‘డైనమిక్ లీడర్’ అని ఏయించుకున్నది. గంతకంటే పెద్ద ఇంగ్లీషు మాట నాకు గావాలె, అంతే!

అప్పుడు మతికొచ్చింది. నిజామాబాద్ల డిగ్రీ సదివే మా మనుమరాలు లత, ఓసారి ఫోన్ల దోస్తుతోని “మా అవ్వ మస్తు క్యాంటాంకరస్” అన్నది. “గదేంది పిల్లా?” అని నిలదీస్తే గబుక్కున ఫోన్ కట్ జేసింది.

“అంటే... ఎవ్వరికీ తగ్గని మనిషి అవ్వా.”

అచ్చం నా లెక్కనే ఉన్నది మాట! నాది సంతకం దాకనే సదువు గానీ, ఇన్న మాట మరువ.

లతకు చెప్పకుంటనే నిజామాబాద్ల కంఠేశ్వర్ కాడి ఫ్లెక్సీ దుకాణానికి పోయిన. దుకాణపాయన నా మొఖం దిక్కు సూసిండు.

“అవ్వా, గీ మాట పక్కానా? డైనమిక్ అని పెడదాం తియ్.”

“ఆమె ఎంగిలి మాట నాకెందుకయ్యా? నేను చెప్పింది కొట్టు!”

మళ్ల మళ్ల సదివిచ్చుకోని, నా ఫోటో కింద పెద్ద అక్షరాలల్ల ఏయించిన.

తెల్లారి బస్టాండ్ కాడ కట్టిచ్చిన్నో లేదో, సీతమ్మ నవ్వుకుంట వచ్చింది.

“వదినగారూ, మీ గురించి ఇంత నిజం మీరే రాయించుకున్నారేంటండీ! అయినదానికీ కానిదానికీ కయ్యానికి దిగే మనిషి అని దానర్థమట. మా అల్లుడు చెప్పాడు.”

లతనడిగితే తల వంచుకున్నది. “నిజమే అవ్వా. తీపిద్దాం.”

“కట్టినంక తీసేది లేదు!”

నేను గసొంటిదాన్ని కాదని చెప్పుటానికి లతతోని కొట్లాడిన. సీతమ్మతోని కొట్లాడిన. ఫోన్ జేసి మరీ ఫ్లెక్సీ ఆయనతోని కొట్లాడిన.

అయినా ఎన్నికల నేనే గెలిచిన! సంబురం ఆగక సంఘపోళ్లను అడిగిన, “నాల ఏం సూసి ఓటేసిండ్రే?”

“బ్యాంకు సారు లోన్ కోసం మనల్ని ఊకె తిప్పుతుండు గదక్కా! ఆయన మీదికి పోవాలంటే నీ అసొంటి క్యాంటాంకరస్ మనిషే గావాలె.”

గా మాటన్నందుకు, నాకు ఓటేసినోళ్లతోని సుత మాట్లాడుతలేను.