అక్క తెచ్చిన నిచ్చెన

తోళ్ళు పదును చేసే కషాయం ఫ్యాక్టరీ నరికించే చెట్ల చేవలోంచే వస్తుంది. తాత చూసిన మొక్కకు మనవడి కాలానికి గాని చేవ పట్టదు. అలాంటి చెట్టును గొడ్డలి వెనక్కి తిప్పి కొట్టి, చెవి ఆనించి విని, గట్టిదైతే నరకమని ఎర్రరంగు పూయడం, డొల్లదైతే వదిలేయడం ఆయన పని. అందుకే ఫ్యాక్టరీలో అందరికీ ఆయన చెవులాయన. ఆ పేరంటే ఆయనకు మహా మురిపెం.

తల్లి పోయాక ఆయన్ని పెంచింది అక్క. ఆమెది రేకుల ఇల్లు. పగలు అందులో కూర్చోవడమంటే పెనం మీద కూర్చోవడమే. అందుకని వాకిట్లో చెట్టు కింద మిషను వేసుకుని బట్టలు కుట్టేది. నేలా, చెట్టూ ఫ్యాక్టరీవే. ఒకరోజు మేస్త్రీతో కలిసి చెవులాయన ఆ వాకిట్లోకే వచ్చాడు.

"అది డొల్లరా తమ్ముడూ, వదిలెయ్," అంది అక్క.

మేస్త్రీ ముసిముసిగా నవ్వాడు. చెవులాయనకు తల కొట్టేసినట్టయింది. అక్క కోసం అబద్ధమాడాడని రేపు ఫ్యాక్టరీ అంతా కోడై కూయదూ!

"ఈ పని చేసేది నువ్వా నేనా అక్కా?"

"నువ్వేలే నాయనా. ఉండు, నిచ్చెన తెస్తా. పైన కూడా కొట్టి చూడు."

పైన కొట్టి చూడకుండా ఏ చెట్టుకూ ఆయన రంగు వేసి ఎరగడు. ఆరోజు మాత్రం అక్క నిచ్చెన ఈడ్చుకొచ్చేలోపే మొదలు దగ్గర ఒక్కటి కొట్టి, ఎర్రగా పూసి, చక్కా పోయాడు. ఏం కొంపలు మునిగాయని అంత తొందర!

చెట్టు పడటానికి పొద్దంతా పట్టింది. మొదలు గట్టిదే. నిలువెత్తు దాటాక అంతా డొల్ల.

"చెవులాయనకి చెవుడొచ్చిందర్రోయ్!" అని మేస్త్రీ పగలబడి నవ్వాడు. పనికిరాదని దాన్ని అక్కడే పడేసి పోయారు.

అక్క తన మిషనును రేకుల కిందికి జరుపుకుంది. తిట్టినా బాగుండేది. చెట్టు మీద మమకారంతో ఏదో అంటే అది నిజమై కూర్చుందని ఆయన సరిపెట్టుకున్నాడు. అదే చోట మొక్క నాటి, రోజూ నీళ్ళు పోశాడు. ఉద్యోగం నుంచి దిగిపోయేనాటికి అది మోకాలు దాటింది.

ఒక మధ్యాహ్నం ఉండబట్టలేక అన్నాడు. "ఆరోజు నువ్వడిగిన అబద్ధమేదో ఆడేసి ఉంటే పోయేది అక్కా."

చెమట తుడుచుకుంటున్న అక్క చెయ్యి ఆగిపోయింది.

"అబద్ధమా? నిన్నలా పెంచానట్రా నేను? ఆ పైన తొర్ర ఉండేది. రోజూ చిలకలు అందులో దూరుతుంటే చూసేదాన్ని. చూపిద్దామని నిచ్చెన తెచ్చేసరికి నువ్వు లేవు."

చెవులాయన చెంబు పట్టుకుని వాకిట్లోకి వెళ్ళాడు. ఆనాడు ఎత్తని తల ఇప్పుడు ఎత్తి చూశాడు. పైన ఎండ తప్ప ఏమీ లేదు.